అప్‌డేట్: రిబ్బన్ ట్వీటర్‌లో ట్రెబుల్ తగ్గిన సమస్య తీరింది

నా స్పీకర్లలో ట్వీటర్ (సన్నని, పై స్థాయి శబ్దాలు పలికే భాగం) రిబ్బన్ రకం, అంటే పల్చని లోహపు రేకు కదలికతో పలికేది. కుడి స్పీకర్‌లో ట్రెబుల్ (ఆ పై స్థాయి శబ్దాలు) మందగించింది, నిలబడితే రెండింట్లోనూ తగ్గుతోంది, రిబ్బన్ తీయించి డోమ్ (చిన్న గుమ్మటం ఆకారపు ట్వీటర్) వేయించాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కుడి ఎడమ వైర్లు మార్చి చూడమన్న సలహాతోనే దారి దొరికింది. మార్చినా లోపం అదే స్పీకర్‌లో ఉండిపోయింది, అంటే ఆంప్లిఫయర్ బాగానే ఉంది. టెక్నీషియన్ విప్పి చూస్తే, అయస్కాంతాల మధ్య ఉండే పల్చని అల్యూమినియం రేకు సాగిపోయి అంచుకు రాసుకుంటోంది. రేకు మార్చాక రెండువైపులా సమానంగా వినిపిస్తోంది. క్రాసోవర్ (పై, కింది స్థాయి శబ్దాలను విడదీసి పంపే సర్క్యూట్) కెపాసిటర్లలో ఏ లోపమూ లేదు. ట్వీటర్ దగ్గర మల్టీమీటర్ దాదాపు సున్నా ఓమ్‌లు చూపడం కూడా మామూలే. అసలైన రిబ్బన్‌లో వాయిస్ కాయిల్ (మామూలు స్పీకర్లలో ఉండే తీగచుట్ట) ఉండదు, మీటర్ చూపేది రేకు ముందున్న ట్రాన్స్‌ఫార్మర్‌ని.

నిలబడితే తగ్గడం మాత్రం రిబ్బన్ స్వభావమే. నిలువుగా పొడవుండే రేకు శబ్దాన్ని పక్కలకు బాగా పంచుతుంది, పైకీ కిందకీ తక్కువ. స్టాండ్లు మార్చి ట్వీటర్‌ని కూర్చున్నప్పటి చెవి ఎత్తుకు తెచ్చాను. హాల్లో తిరుగుతూ వినేవాళ్లకు 25 మి.మీ. డోమే మేలు. నేను కూర్చుని వీణ వింటాను, ఆ మీటు స్పష్టత కోసం రిబ్బనే ఉంచుకున్నాను. దుమ్ము దులపడానికి బ్లోయర్ మాత్రం వాడకండి, రేకు తట్టుకోదు.