ఫ్లింట్ హిల్స్ రాంచ్‌లలో ఏటా పాత గడ్డి మొత్తం కాల్చాల్సిందేనా?

గడ్డివాము:
అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఫ్లింట్ హిల్స్ కొండల్లో మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా పశువులు మేపే రాంచ్‌ల వాళ్ళు నిరుటి గడ్డికి నిప్పు పెడతారు. కొద్ది రోజులకే నల్లటి నేలమీద లేత పచ్చిక లేస్తుంది, దాన్ని మేసిన దూడలు బాగా ఒళ్ళు చేస్తాయి. కాల్చడం మానేస్తే రెడ్ సీడార్ చెట్లు బయలంతా కమ్మేస్తాయి. అయినా పక్షుల కోసం తగ్గించాలని కొందరి వాదన. ఏటా మొత్తం కాల్చడమే సరైనదని నా అభిప్రాయం. మీరేమంటారు?

తొలిపిలుపు:
నిప్పు ఉండాల్సిందేనండీ. నా అభ్యంతరం "ఏటా", "మొత్తం" అన్న రెండింటి మీదే.

ప్రెయిరీ (గడ్డిబయలు) కోడి సంగతే చూడండి. వసంతం మొదట్లో తెల్లవారుజామున పుంజులు గడ్డి పొట్టిగా ఉన్న దిబ్బల మీద చేరి, మెడకు రెండు పక్కలా నారింజరంగు తిత్తులు ఉబ్బించి, కాళ్ళు టపటపా కొడుతూ ఊళ వేస్తాయి. ఆ ఆటకు కాలిన నేల బాగానే పనికొస్తుంది. తర్వాత పెట్ట గుడ్లు పెట్టాలి కదా? పదీ పన్నెండు గుడ్ల మీద మూడు వారాలకు పైగా కదలకుండా కూర్చోవాలంటే దానికి చాటు కావాలి. ఆ చాటు నిరుటి ఎండుగడ్డే, కొత్త పచ్చిక అప్పటికి అంత ఎదగదు. హెన్స్లో పిచ్చుకకైతే ఏళ్ళ తరబడి పేరుకున్న ఎండుగడ్డి ఉండాలి. ఏటా కాల్చే చోట అది గూడు కట్టదు.

1970 నుంచి ఉత్తర అమెరికా గడ్డిబయళ్ళ పక్షులు సగానికి పైగా తగ్గాయని 2019లో లెక్క తేలింది. పొడవు గడ్డి ప్రెయిరీలో మిగిలింది నూటికి నాలుగు వంతులు కూడా లేదు, అందులో ఎక్కువ భాగం ఈ కొండల్లోనే. ఇక్కడ చాటు పోతే అవి ఎక్కడికి పోతాయి?

మట్టిబాట:
ఒకవైపే చూస్తున్నారు. కిల్‌డీర్ అనే పక్షి బోసినేలమీద, గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది. అప్‌ల్యాండ్ శాండ్‌పైపర్ పక్షి కూడా కాలిన చోట్లకు వస్తుంది. గ్రౌండ్ ప్లమ్ లాంటి తొలి పూలు జానెడు ఎత్తు కూడా ఉండవు, పాతగడ్డి కప్పేస్తే వాటికి వెలుగే అందదు.

తొలిపిలుపు:
నిజమే, అందుకే రెండు రకాల నేలా ఉండాలంటున్నాను. బయలును మూడు భాగాలు చేసి ఏడాదికొకటి కాల్చండి. లేత గడ్డి ఎక్కడుంటే పశువులు అక్కడికే పోతాయి, మధ్యలో కంచె అక్కర్లేదు. మిగతా రెండు భాగాలకు ఊపిరి దొరుకుతుంది. ఇలా చేసినా పశువుల బరువు తగ్గలేదని ఓక్లహోమాలో పరిశోధనలు చూపించాయి. పెద్దపెద్ద నగరాల మీదికి పోయే పొగ కూడా తగ్గుతుంది, అక్కడ ఉబ్బసం ఉన్నవాళ్ళ అవస్థ చిన్నది కాదు.

గడ్డివాము:
బరువు సంగతి ఒప్పుకుంటాను. పని మాటేమిటి? మొత్తం కాలిస్తే చుట్టూ హద్దు చూసుకుంటే చాలు. మూడు ముక్కలంటే లోపల కూడా నిప్పు ఆపే గీతలు కావాలి, గాలి తిరిగితే టెన్షన్. మనుషులేరీ?

తొలిపిలుపు:
ఆ కష్టం ఉంది, కాదనను. వాగు, బండిబాట ఉన్నచోట వాటినే హద్దుగా పెట్టుకోండి. లేనిచోట ముందు వేసవిలోనే గడ్డి కోసి బాట తీసి ఉంచితే నిప్పు పెట్టేనాటికి సగం పని అయిపోయినట్టే. ఇంతకీ భూమి మీ సొంతమా, సీజన్‌కు మేతకిస్తున్నారా? మేతకిస్తే ఈ పద్ధతి గురించి పశువుల యజమానితో ఒప్పందానికి ముందే మాట్లాడండి, మూడో వంతే పచ్చబడితే ఆయన అడుగుతాడు.

గడ్డివాము:
మేతకే ఇస్తున్నామండీ. వాగుకు అవతలి ముక్క ఈసారి వదిలేయొచ్చేమో, ఆయన్ని అడిగి చెప్తాను. మిగతాది మాత్రం కాలుస్తాను.