కండోమ్ వాడినా గర్భం వస్తుందా? డయాఫ్రమ్ అంతకన్నా మేలా?

ప్రశ్న: ఇప్పుడే పిల్లలు వద్దనుకున్నాం. మాత్రలు నాకు పడలేదు, వికారం, తలనొప్పి. అందుకే కండోమ్ ఒక్కటే వాడుతున్నాం. కానీ వాడినా గర్భం వచ్చిందని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, డేట్ దగ్గరపడితే ఒకటే టెన్షన్. అసలు దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? డయాఫ్రమ్ అని ఇంకోటి ఉందట, అది మేలా?

జవాబు: చాలావరకు నమ్మొచ్చండీ, సరిగ్గా వాడితే. వీర్యకణం అండం దాకా పోకుండా అడ్డుకోవడమే దాని పని, హార్మోన్ల జోలికి పోదు. ఏడాది పొడవునా ప్రతిసారీ పద్ధతిగా వాడే 100 జంటల్లో సుమారు ఇద్దరికే గర్భం వస్తుంది, మామూలుగా జనం వాడే తీరులో మాత్రం 13 మంది దాకా. రబ్బరు అదే, తేడా అంతా వాడకంలో ఉంది. కలయిక మొదలయ్యాక మధ్యలో తొడుక్కోవడం, కొసన గాలి నొక్కి తీయకపోవడం, అయిపోయాక అంచు పట్టుకోకుండా బయటికి రావడంతో లోపలే జారిపోవడం, ‘ఈ ఒక్కసారికి ఏం కాదులే’ అని మానేయడం. ఈ చివరిదే అన్నిటికంటే ప్రమాదం.

ఇంకో జవాబు: నూనె, వాజిలిన్, బాడీ లోషన్ రాయకండి, లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడుతుంది. నీటితోనో సిలికాన్‌తోనో చేసిన జెల్ అయితే పర్వాలేదు. రెండు కండోమ్‌లు ఒకదానిమీద ఒకటి వేస్తే రాపిడికి చిరుగుతాయి.

మరో జవాబు: నేను నర్సుని. డయాఫ్రమ్ అంటే గర్భాశయ ముఖద్వారాన్ని కప్పేలా లోపల పెట్టుకునే మెత్తటి సిలికాన్ గిన్నె. వీర్యకణాలను చంపే జెల్ రాసి పెట్టుకోవాలి, కలిశాక కనీసం 6 గంటలు తీయకూడదు, 24 గంటలు దాటనివ్వకూడదు. మామూలు వాడకంలో ఏడాదికి 100 మందిలో సుమారు 17 మందికి గర్భం వస్తుంది, అంటే కండోమ్ కన్నా మేలేం కాదు. హెచ్ఐవీ లాంటి వాటి నుంచి కాపాడుతుందని దాన్ని నమ్ముకోలేం, ఆ రక్షణ కండోమ్‌తోనే. నా మాట వింటే మీరు దేనికీ మారక్కర్లేదు, వాడేది ప్రతిసారీ వాడండి చాలు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. ఒకవేళ చిరిగితే?

నర్సు: వెంటనే ఎమర్జెన్సీ మాత్ర వేసుకోండి. లెవోనార్జెస్ట్రెల్ అయితే 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. 5 రోజుల లోపు కాపర్-టి వేయించుకుంటే ఇంకా గట్టిగా పనిచేస్తుంది, ఆ తర్వాత కూడా ఉంచుకోవచ్చు. నెలసరి వారం ఆలస్యమైతే టెస్ట్ చేసుకోండి.