పాత క్రైమ్ థ్రిల్లర్లలో చిన్న ఊరి షెరిఫ్

అమెరికన్ క్రైమ్ సినిమాల్లో షెరిఫ్ హీరో అయితే కథ ఎందుకంత పట్టేస్తుందండీ? మన ఎస్సైకీ అతనికీ తేడా ఏంటి? ఏవి చూడాలో కూడా చెప్పండి.

రిప్లై 1: షెరిఫ్‌ని చాలా రాష్ట్రాల్లో కౌంటీ (మన జిల్లా లాంటిది) జనమే ఓట్లేసి ఎన్నుకుంటారండీ, మన ఎస్సైలా ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోడు, తను అరెస్ట్ చేయాల్సినోడి చుట్టాలే రేపు తనకి ఓటేయాలి, అందుకే అంత టెన్షన్.

రిప్లై 2: బ్రో, 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్' (2007) కచ్చితంగా చూడు. 1980 టెక్సాస్ కథ. హంతకుడు అప్పుడే వెళ్ళిపోయిన ఇంట్లో షెరిఫ్ బెల్ సోఫాలో కూర్చుంటాడు, పాల సీసాకి ఇంకా చెమట పట్టే ఉంటుంది, ఆ పాలే గ్లాసులో పోసుకుంటాడు. ఛేజింగ్ లేకుండానే ఒళ్ళు జలదరిస్తుంది.

రిప్లై 3: ఇంకా పాతదంటే 1967 'ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్'. అందులో షెరిఫ్ కాదు, ఊరి పోలీస్ చీఫ్, కానీ వాతావరణం అదే. ఆ చీఫ్‌గా చేసిన రాడ్ స్టైగర్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు, నాకైతే అదే టాప్.