సోలీ ఇన్విక్తో కొమితీ: నాణెం మీది చతుర్థీ విభక్తి

ప్రశ్న: రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కంచు నాణెం ఫొటో చూశాను. వెనకవైపు తల చుట్టూ కిరణాలతో ఓ దేవుడు, అంచున "సోలీ ఇన్విక్తో కొమితీ" అనే లాటిన్ మాటలు. కింద తెలుగులో "అజేయ సూర్యదేవుడు" అని రాశారు. సరైనదేనా?

జవాబు: సగమేనండీ. సోల్ అంటే సూర్యుడు, సోలీ అంటే సూర్యునికి, ఇన్విక్తో అంటే అజేయునికి. మూడు మాటలూ చతుర్థిలోనే ఉన్నాయి. అంటే అది బొమ్మ కింద రాసిన పేరు కాదు, సమర్పణ. గుడి గంట మీద "స్వామివారికి" అని చెక్కిస్తారే, అలాంటిది.

అసలు రుచి మూడో మాటలో ఉంది. కొమితీకి మూలరూపం కొమెస్: కలిసి వెళ్లేవాడు. మన "సహచరుడు" కూడా సరిగ్గా ఇలా కట్టిన మాటే. ఎవరికి సహచరుడు? చక్రవర్తికి! నాణానికి ముందువైపు ఆయన తల, వెనక ఆయన తోడు. పైగా కాన్‌స్టాంటైన్ కొలువులో కొమెస్ అనేది మూడు తరగతులుగా పంచిన బిరుదు కూడా. ఫ్రెంచి కోంత్, ఇంగ్లీషు కౌంట్ దాన్నుంచి వచ్చినవే. సూర్యుణ్నీ ఆ మాటతోనే పిలవడంలో భక్తి ఎంతో, దర్పమూ అంతే ఉందనిపిస్తుంది నాకు. నేనైతే "ఓటమి ఎరుగని తోడైన సూర్యునికి" అంటాను.

మరొకరు: క్రీ.శ. 312లో రోమ్ దగ్గర జరిగిన మిల్వియన్ వంతెన యుద్ధంతోనే కాన్‌స్టాంటైన్ క్రీస్తు వైపు తిరిగాడంటారు కదా, మరి సూర్యుడేమిటి?

జవాబు: తిరిగినా ముద్ర వెంటనే మారలేదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు లండన్, ట్రియర్, ఆర్ల్, రోమ్ టంకశాలలు ఇదే కొట్టాయి. కంచు మీద ఇది 318 ప్రాంతంలో ఆగింది. 321లో చేసిన చట్టం కూడా "పూజ్యమైన సూర్యుని దినం" అనే సెలవు ప్రకటించింది. మన ఆదివారమూ ఆదిత్యవారమే కాబట్టి తెలుగువాళ్లకు అది కొత్తగా తోచదు. క్రీస్తు గుర్తు కీ-రో ప్రధానంగా కనిపించే కంచు నాణెం 327 నాటిది, కాన్‌స్టాంటినోపుల్ టంకశాలది. ఆ గుర్తు తలమీద పెట్టుకున్న పతాకం కొన పామును పొడుస్తుంటుంది. మాట "స్పెస్ పూబ్లిక", ప్రజల ఆశ. గమనించారా, ఇక్కడ ప్రథమా విభక్తి. ఎవరికీ సమర్పణ లేదు.

ఇంకొకరు: సూర్యుడు కుడిచెయ్యి ఎత్తాడు. అభయహస్తమేనా?

జవాబు: పోలిక ఊరిస్తుంది గానీ వద్దు. ఎడమచేతిలో గోళం కూడా చూడండి, అది ప్రపంచం. రెండూ కలిపితే అభయం కన్నా ఆధిపత్యమే ఎక్కువ.

మరొకరు: "కోమిటి" అని రాస్తే తప్పా?

జవాబు: తొలి అచ్చు హ్రస్వం, చివరి ఇకారం దీర్ఘం. నాణెం చెక్కినవాడు ఆ తేడా చూపలేదు. మనకు ఒ, ఓ రెండూ ఉన్నాయి కదా, వాడుకుందాం: కొమితీ.