బేచిరాక్: దీపం లేని ఊరు

ప్రశ్న:
ఆదిలాబాద్ జిల్లా జనాభా లెక్కల పుస్తకం తిరగేస్తున్నాను. ఊళ్ళ పట్టికలో కొన్ని పేర్ల ఎదురుగా ఇళ్ళు లేవు, మనుషులు లేరు. విస్తీర్ణం మాత్రం ఉంది. రెవెన్యూలో పనిచేసే మా బావ చూసి, "అవి బేచిరాక్ ఊళ్ళులే" అని తేల్చేశాడు. చిరాకు లేని ఊరని నాకు అర్థమైంది. మనుషులే లేనిచోట చిరాకెక్కడిది, పేరు బాగానే పెట్టారనుకున్నా. అసలు ఇదేం మాటండీ?

జవాబు:
మన చిరాకుతో దీనికి పనిలేదు. పార్సీలో 'చిరాగ్' అంటే దీపం. హైదరాబాద్‌లో చిరాగ్ అలీ లేన్ ఉంది చూడండి, ఆ చిరాగే. 'బే' అంటే లేని. బేకారు, బేఖాతరులో ఉన్నది ఇదే. బేచిరాగ్ అంటే దీపం లేనిది. మన నోట్లో చివరి గ కాస్తా క అయింది. రికార్డుల్లోనూ అలాగే నిలబడిపోయింది, ఇప్పుడు దాన్ని దిద్దక్కర్లేదు.

నాకు నచ్చేది దాన్ని పెట్టినవాడి చూపు. మనుషులున్నారా లేరా అని తలలు లెక్కపెట్టలేదు, పొద్దుగూకాక దీపం వెలిగిందా అని చూశాడు. పగటిపూట ఆ ఊరి పొలాల్లో అరకలు తిరుగుతుంటాయి, పత్తి ఏరేవాళ్ళుంటారు. పట్టాలుంటాయి, సర్వే నంబర్లుంటాయి, శిస్తు కట్టేవాడు పక్క ఊళ్ళో ఉంటాడు. రాత్రికి మాత్రం ఎవరూ ఉండరు. 'నిర్జన గ్రామం' అని రాస్తే ఈ తేడా పోతుంది. అడివి కూడా నిర్జనమే కదా.

ఇంకో తమాషా. దీనికి ఎదురుమాట జిల్లా పేరులోనే ఉంది. 'ఆబాద్' అంటే జనం ఉన్నది. ఊళ్ళో ఇళ్ళుండే స్థలాన్ని తెలంగాణ రికార్డుల్లో 'ఆబాదీ' అంటారు, ఆంధ్రలో అదే గ్రామకంఠం.

కడప నుంచి:
ఇది నైజాం మాటే అనుకోకండి సార్, మా దగ్గరా ఉంది. 1800లో నిజాం మా జిల్లాలను కుంపినీకి ఇచ్చేశాడు గానీ కచేరీ మాటలను వెనక్కి తీసుకుపోలేదు! మా తాత మాత్రం బేచిరాక్ అనేవాడు కాదు, 'పాటిదిబ్బ' అనేవాడు. పాత ఊరు ఉన్నచోటు అన్నమాట. అక్కడి పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలేవాళ్ళు. మాకు ఆ ఊరితో ఉన్న సంబంధం అంతే. ఎందుకు పాడుపడిందని అడిగితే గత్తర (కలరా) అని ఒకరు, బావి ఎండిపోయిందని ఒకరు చెప్పేవాళ్ళు.

ప్రశ్న:
మరి మనుషులే లేనప్పుడు పట్టికలోంచి తీసెయ్యొచ్చు కదా?

జవాబు:
తీసెయ్యరు. రెవెన్యూ గ్రామం అంటే మనుషుల గుంపు కాదు, హద్దులు గీసిన భూమి. జిల్లాలు మారినా అది కదలదు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి ఆదిలాబాద్‌ను నాలుగు జిల్లాలు చేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడూ ఇంతే, పై అంతస్తులు మారాయి గానీ అడుగున ఊరి హద్దు అలాగే ఉంది.

ఆ జిల్లాలో అసలు చిక్కు దీనికి తిరగేసినది. గోండు గూడేలు, లంబాడా తండాలు బోలెడు. నిండా మనుషులు, సాయంత్రమైతే దీపాలు. కాగితం మీద మాత్రం ఇంకో ఊరికి 'శివారు'. "మావ నాటే మావ రాజ్" అని గోండులు అన్నది ఊరికే కాదు. గోండిలో 'నాటే' అంటే ఊళ్ళో; మా ఊళ్ళో మా రాజ్యం అని. 2018లో తెలంగాణలో పంచాయతీలు 12,751కి పెరిగినప్పుడు చాలా శివార్లు పంచాయతీలయ్యాయి. అయినా పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. సర్పంచ్ ఉన్న తండాకు పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, సొంత పేరు ఉండాలనేం లేదు. దీపం లేని ఊరికి మాట ఉంది గానీ, దీపం ఉండీ పేరు లేని ఊరికి 'శివారు' తప్ప ఇంకేం దొరకలేదు. అది కూడా పొలం చివరను అనే మాటే.

ప్రశ్న:
బావకు చదివి వినిపించానండీ. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాడట, దీపం సంగతి ఇవాళే తెలిసిందన్నాడు. కవ్వాల్ పులుల అడవి లోపలి నుంచి రాంపూర్, మైసంపేట్ వాళ్ళను ఈమధ్య బయటికి తరలించారు కదా, వాటినీ బేచిరాక్ అనొచ్చా అని అడగమంటున్నాడు.

జవాబు:
మాట ప్రకారం అనొచ్చు. రికార్డులో ఏం రాయాలో బావగారే చెప్పాలి.