సుషీ అసలు జపాన్‌దేనా?

అడిగింది: టిఫిన్ బాక్స్
ఆఫీసులో లంచ్ టైంలో పెద్ద వాదన. సుషీ చైనాలో పుట్టిందని ఒకాయన, కాదు థాయ్‌లాండ్, లావోస్ వైపని ఇంకొకావిడ. అక్కడి మెకాంగ్ నది ఒడ్డున సుషీ ఎవరు తింటారండీ? తెలిసినవాళ్లు చెప్పండి, రేపు మళ్లీ అదే టేబుల్ దగ్గర కూర్చోవాలి.

జవాబు: పులుపుగోల
ముందు మీ కళ్లముందున్న సుషీని పక్కన పెట్టండి. వెనిగర్ కలిపిన అన్నం ముద్ద మీద చేపముక్క, అది 1820ల ప్రాంతంలో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఊపందుకుంది. దాన్ని కనిపెట్టింది హనాయా యోహేయ్ అనే వంటవాడని చెబుతారు. ఆయనొక్కడే కనిపెట్టాడంటే నేను నమ్మను గానీ, ఊరు మాత్రం అదే. దీనిమీద గొడవ లేదు.

గొడవంతా దాని ముత్తాత గురించి. ఉప్పు పట్టించిన చేపను అన్నంలో కుక్కి, పైన బరువు పెట్టి నెలల తరబడి వదిలేస్తారు. అన్నం పులిసి లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, దాంతో చేప కుళ్లదు. చేప తిని అన్నం పారేసేవాళ్లు. జపాన్‌లోని షిగా ప్రాంతంలో బివా సరస్సు చేపతో చేసే ఫునాజుషీ ఈ రకమే. నేను తిన్నాను. మొదటి ముక్క వాసనకే కళ్లలో నీళ్లొచ్చాయి, రెండోది సాకే (బియ్యంతో చేసే జపాన్ మద్యం) తోడుంటే దిగింది. మురొమాచి కాలానికి, అంటే 14-16 శతాబ్దాలకి, అంత ఆగే ఓపిక పోయింది, కొద్దిగా పులవగానే అన్నంతో సహా తినేశారు. తర్వాత వెనిగర్ వచ్చి ఆ పులియబెట్టే పనీ తప్పించింది.

జవాబు: పాతకాగితం
మరి చైనా ఆధారాలో? జియా సిషియే 6వ శతాబ్దంలో రాసిన వ్యవసాయ గ్రంథంలో అన్నంతో చేప ఊరబెట్టే పద్ధతి ఉంది. జపాన్‌లో 8వ శతాబ్దపు యోరో చట్టంలో పన్నుగా కట్టే సరుకుల్లో సుషీ కనిపిస్తుంది. చైనాదే ముందు కదా?

జవాబు: పులుపుగోల
ముందు రాసింది చైనావాళ్లే, ఒప్పుకుంటా. ముందు చేసింది వాళ్లేనని అది చెప్పదు. మెకాంగ్ వాదన జపాన్ పరిశోధకుడు ఇషిగే నవోమిచిది. వానలకు వరిమడుల్లోకీ కాలువల్లోకీ చేపలు ఒక్కసారిగా వచ్చిపడతాయి, తర్వాత నెలల తరబడి ఎండ. చేపా, అన్నమూ, దాచుకోవాల్సిన అవసరమూ ఒకేచోట ఉన్నాయి. చేపను అన్నంతో పులియబెట్టే సోమ్ పా లావోస్‌లో ఇప్పటికీ చేస్తారు. ఫిలిప్పీన్స్‌లో అలాంటిదే బురోంగ్ ఇస్డా ఉంది.

ఈ వాదనకూ ఓ బలహీనత ఉంది. పులిసిన చేప తవ్వకాల్లో దొరకదు. పంటనీ, నదినీ, ఇవాళ్టి వంటల్నీ చూసి వెనక్కి లెక్కేసిందే ఇదంతా. అయినా నేను ఇటే మొగ్గుతా.

జవాబు: టిఫిన్ బాక్స్
బావుంది, రేపటికి సరిపడా సరుకు దొరికింది. ఒకటే డౌటు, సాల్మన్ సుషీ అయినా పాతదేనా?

జవాబు: పులుపుగోల
కాదండీ. పరాన్నజీవుల భయంతో జపాన్‌లో సాల్మన్‌ను పచ్చిగా తినేవాళ్లు కాదు. 1980ల్లో నార్వేవాళ్లు తమ పెంపకం చేపల్ని అమ్ముకోడానికి పట్టుబట్టి అలవాటు చేశారు. మీ టేబుల్ మీద నార్వే పేరు కూడా ఎత్తండి, లంచ్ ఇంకో అరగంట సాగుతుంది.