సెలీనియం వచ్చు సరే, మంచి టెస్టర్ అనిపించుకోవాలంటే ఇంకేం ఉండాలి?

అమీర్‌పేట్_బ్యాచ్:
మైత్రీవనం దగ్గర సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేత్తో చేసే మాన్యువల్, టెస్టులని స్క్రిప్ట్‌తో నడిపే సెలీనియం టూల్ రెండూ నేర్చుకుని ఇంటర్వ్యూలకి తిరుగుతున్నా. టూల్స్ ప్రశ్నలకి బానే చెప్తున్నా గానీ మాదాపూర్‌లో ఒకాయన "లాగిన్ పేజీ ఇస్తే ఏం టెస్ట్ చేస్తావ్" అని అడిగి, నేను చెప్పిందంతా విని "ఇవన్నీ నోట్స్‌లో ఉన్నవే కదమ్మా" అన్నాడు. ఫీల్డ్‌లో ఉన్న అన్నలు, అక్కలు చెప్పండి, మీ టీంలో ఎవర్ని చూసి, ఏం చూసి "మంచి టెస్టర్" అనుకున్నారు?

కూకట్‌పల్లి_క్యూఏ:
అనుమానం. అయితే ఊరికే అన్నిటినీ అనుమానించడం కాదు, వాడే జనం తెలిసి అనుమానించడం. 2024 మార్చిలో కొత్త బండ్లకి టీఎస్ పోయి టీజీ వచ్చింది కదా, మా పార్కింగ్ యాప్‌లో టీజీ తీసుకుంటోందో లేదో చూసి అందరూ వదిలేశారు. ఒకమ్మాయి మాత్రం, పాత టీఎస్ బండ్ల నంబర్లేం మారలేదు, ఏపీ నంబరుతో అంతకన్నా పాత బండ్లు కూడా సిటీలో తిరుగుతున్నాయి, రాష్ట్రం మారినా పనికొచ్చే బీహెచ్ సిరీస్‌కైతే రాష్ట్రం పేరే ఉండదు, ముందు అంకెలొస్తాయి, అవన్నీ తీసుకుంటుందా అని కూర్చుంది. బీహెచ్ నంబరు కొడితే "సరైన నంబరు ఇవ్వండి" అని వచ్చింది! రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఆ ముక్కే లేదు మరి.

ఒత్తులు_గుణింతాలు:
పైన చెప్పినదానికే ఇంకోటి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని కూలగొట్టింది మన తెలుగే, గుర్తుందా? జ్ఞా రాసేటప్పుడు మధ్యలో కంటికి కనపడని ఒక క్యారెక్టర్ చేరితే చాలు, అది చూపించబోయిన యాప్ క్రాష్ అయ్యేది. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. టెస్ట్ డేటా అంటే ఏబీసీ, టెస్ట్123 కొట్టి ఊరుకునేవాళ్లకి ఇలాంటివి జన్మలో దొరకవు. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే పద్ధతి అయిన యూనికోడ్‌లో ఆరు. పేరుకి ఇరవై క్యారెక్టర్ల లిమిట్ పెట్టినచోట తెలుగులో రాస్తే ఏం తెగుతుందో చూడు తమ్ముడూ. ఇంటిపేరు బదులు ఇనీషియల్ ఒక్కటే ఉన్నవాళ్లని "కనీసం రెండు అక్షరాలు ఉండాలి" అని ఆపేసే ఫారాలు ఎన్ని చూశానో, తిక్క రేగుతుంది.

కోడ్_రాసేవాడు:
డెవలపర్‌ని, తిట్టకండి. మాకు మంచి టెస్టర్ అంటే టికెట్, అదే తప్పు దొరికిందని మాకు పెట్టే రిపోర్టు, సరిగ్గా రాసేవాడే. "పేమెంట్ పనిచేయట్లేదు, అర్జెంట్" అని పడేస్తే మేం దాంతో ఏం చేస్తాం? ఏ ఫోన్, యాప్ ఏ బిల్డ్ (వెర్షన్), ఏ అకౌంట్, ఏ వరసలో ఏం నొక్కావ్, ఏం రావాలి, ఏం వచ్చింది, ఇవి ఉంటే సగం పని అయిపోయినట్టే. మా దగ్గర ఒకాయన డబ్బు రెండుసార్లు కట్ అవుతోందని పెట్టాడు. మావాళ్లు "నా మెషీన్‌లో బానే ఉంది" అని మూసేశారు. ఆయన గొడవేం పడలేదు, పే నొక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టి, తీసి, మళ్లీ నొక్కి, వీడియో, యాప్ రాసుకున్న లాగ్స్ రెండూ జతచేసి టికెట్ మళ్లీ తెరిచాడు. లిఫ్ట్‌లో సిగ్నల్ పోతే జనం చేసేది అదే కదా. ఇక ఎవరూ నోరెత్తలేదు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
చెప్పడానికి బానే ఉంది బ్రో. బగ్‌ల లెక్క చూసి రేటింగ్ ఇచ్చే మేనేజర్ కింద పడితే నువ్వూ బటన్ రంగు మీద టికెట్లు రాస్తావ్.

కోడ్_రాసేవాడు:
@గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్ అదీ నిజమే. కానీ రిలీజ్ ముందురోజు ఏది ఆపాలో, ఏది తర్వాత చూసుకోవచ్చో చెప్పగలిగినవాడి మాటకే విలువ. అన్నీ క్రిటికల్ అనేవాడి మాట రెండోవారం నుంచి ఎవరూ వినరు.

రిగ్రెషన్_రాణి:
డెవలపర్ల నోట "అక్కడ ఏమీ మార్చలేదు" అని వినపడితే నేను ముందు అక్కడికే పోతా. 1996లో ఏరియన్ 5 రాకెట్ ఎగిరి నిమిషం కూడా నిండకుండా పేలిపోయింది. ఏరియన్ 4లో బాగా పనిచేసిన కోడ్‌నే అందులో పెట్టారు. కొత్త రాకెట్ అడ్డంగా ఇంకా వేగంగా పోతుంది, ఆ వేగం అంకె కోడ్‌లో దానికిచ్చిన 16 బిట్ల చోటులో పట్టలేదు. కోడ్ మారలేదు, దాని చుట్టూ ఉన్నది మారింది. సెలీనియంలాంటి ఆటోమేషన్ కావాలి, కాదనను, ఇప్పుడు అది లేకుండా పిలుపే రాదు. కాకపోతే స్క్రిప్ట్ మనం అడిగిందే చూస్తుంది, అన్నీ పచ్చగా, అంటే పాస్ అని, వచ్చాయని సంబరపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

అమీర్‌పేట్_బ్యాచ్:
థాంక్స్ అందరికీ. మరి ఆ లాగిన్ పేజీకి ఏం చెప్పాల్సింది?

కూకట్‌పల్లి_క్యూఏ:
"ఎవరు వాడతారు సార్" అని ముందు నువ్వే అడగాల్సింది. పెన్షన్ యాప్ అన్నాడనుకో, పెద్దావిడ ఊళ్లో ఉంటుంది, ఓటీపీ నిజాంపేటలో ఉన్న కొడుకు ఫోన్‌కి వస్తుంది, ఆయన ఫోన్ చేసి చెప్పేలోపు టైమర్ అయిపోతుంది. కాల్ ఎత్తి తిరిగి యాప్‌లోకి వస్తే పేజీ మొదటికి పోయిందా? మళ్లీ పంపు అని నొక్కితే పాత ఓటీపీ చెల్లుతుందా, కొత్తదా? మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్ అవుతుంది, సరే, తెరిపించుకోవడానికి ఆవిడ ఎవరికి ఫోన్ చేయాలో తెరమీద రాసి ఉందా?